పాత ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇచ్చే ముందు: హైదరాబాద్ సొంతింటివాళ్లకు సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో 300, 400 గజాల్లో పాత ఇల్లున్న ప్రతి కుటుంబానికీ ఈ అనుభవం ఉండే ఉంటుంది. ఎవరో ఒకరు గేటు దగ్గర ఆగి ఇంటిని పైనుంచి కిందికి చూసి, "డెవలప్‌మెంట్‌కి ఇస్తారా అండీ?" అని అడుగుతారు. అంటే స్థలం మనది, కట్టే ఖర్చు బిల్డర్‌ది, వచ్చిన ఫ్లాట్లు ఇద్దరూ పంచుకోవడం. మొదట్లో నవ్వేసి పంపేస్తాం. తర్వాత వర్షాకాలంలో కప్పు కారుతుంది, పక్కిల్లు అపార్ట్‌మెంట్ అయి మన వాకిట్లో ఎండ పోతుంది. అన్నదమ్ముల్లో ఒకరికి డబ్బు అవసరం పడుతుంది. అప్పుడు అదే ప్రశ్నకు కూర్చోబెట్టి టీ ఇస్తాం.

మా నానమ్మ కట్టించిన ఇల్లు అలాగే పోయింది. ఇచ్చినందుకు బాధ లేదు, ఇచ్చిన పద్ధతికి మాత్రం ఇప్పటికీ బాధే. డంగుసున్నం గోడలు, షాబాద్ బండల నేల, టేకు దూలాలు ఉన్న ఇల్లు అది. పర్మిషన్ రాకముందే కూల్చేశారు. ఒప్పందంలో "18 నెలల్లో పూర్తి" అని ఉంటే సంతోషించాం. ఆ 18 నెలలు "పర్మిషన్ వచ్చిన తేదీ నుంచి" అన్న మాటను మాలో ఎవరమూ పట్టించుకోలేదు. బిల్డర్ పర్మిషన్‌కి అప్లై చేయడానికే 11 నెలలు పట్టింది. అన్నాళ్లూ ఖాళీ స్థలంలో పిచ్చిచెట్లు మొలిచాయి, మేం అద్దింట్లో ఉన్నాం. ఆ తప్పు మరో ఇంట్లో జరగకూడదని, నాకు తెలిసిన క్రమాన్ని మొదటినుంచీ రాస్తున్నాను. ఇందులోని నిబంధనలు తెలంగాణవి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి జీవో 119 బిల్డింగ్ రూల్స్ వర్తిస్తాయి కాబట్టి అక్కడివాళ్లు కొలతలు విడిగా చూసుకోవాలి. ఒప్పందం జాగ్రత్తలు మాత్రం ఎక్కడైనా ఇవే.

1. ఇల్లు నిజంగా పాడైందా?

"ఇంక రెండు వానలు కూడా తట్టుకోదండీ" అని బిల్డర్ చెప్పే మాటను లెక్కలోకి తీసుకోకండి. ఆ స్థలం కావలసింది ఆయనకే. ఇంటి మీద ఏ ఆశా లేని స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను ఫీజు ఇచ్చి పిలవండి. ఆ ఖర్చు మొత్తం వ్యవహారంలో చాలా చిన్నది.

ఇల్లు ఏ రకానిదో తెలిస్తే సగం సమాధానం దొరికినట్టే. డంగుసున్నం గోడలున్న ఇళ్లలో చెమ్మ ఎక్కువైతే ఇల్లు అయిపోయిందని భయపడతారు. చాలాసార్లు కారణం మనమే. సున్నం గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూత వేస్తే ఆ చెమ్మకు దారి మూసుకుపోయి, పూత బుడగలుగా లేచి పెచ్చులుగా రాలుతుంది. మా ఇంట్లో వెనక అర్ర గోడ అలాగే రాలింది. మేం మళ్లీ సిమెంటే పూయించాం, అది మళ్లీ రాలింది. సిమెంటు మొత్తం చెక్కేసి సున్నపు పూత వేయిస్తే గోడ ఆరుతుందని మాకు చెప్పినవాళ్లు లేరు. దూలాల విషయంలో గోడలోకి దూరిన చివరలు చూడండి. చెద, కుళ్లు మొదలయ్యేది అక్కడే. ఇనుప గర్డర్ల మీద బండలు పరిచిన కప్పయితే గర్డర్ల తుప్పు చూడాలి.

70లు, 80ల నాటి శ్లాబు ఇళ్ల సంగతి వేరు. శ్లాబు కింద పెచ్చులూడి కడ్డీలు బయటపడ్డాయంటే లోపల తుప్పు పట్టి కడ్డీ ఉబ్బిందని అర్థం. కాంక్రీటు పగలగొట్టకుండా చేసే పరీక్షలున్నాయి: రీబౌండ్ హ్యామర్‌తో పైపొర గట్టిదనం, అల్ట్రాసోనిక్ పరీక్షతో లోపలి ఖాళీలు తెలుస్తాయి. రిపోర్టు రాతపూర్వకంగా తీసుకోండి. రిపేరుకు ఎంత, ఆ తర్వాత ఎన్నేళ్లు నిలుస్తుంది అన్న రెండు అంకెలూ అందులో ఉండాలని ముందే చెప్పండి. ఆ అంకెలు చూశాక రిపేరు చేయించి ఉండిపోవాలనిపిస్తే, అంతకన్నా మంచి నిర్ణయం లేదు. ఈ వ్యాసంలో మిగతాది మీకు అక్కర్లేదు.

2. ఇంట్లో అందరూ ఒక మాట మీదికి రావాలి

దీన్ని బిల్డర్‌తో మాట్లాడకముందే తేల్చుకోవాలి. నానమ్మ పేరునో తాతయ్య పేరునో ఉన్న ఇంటికి ఇప్పుడు హక్కుదారులు ఎవరో కాగితం మీద రాయండి. పెళ్లై వెళ్లిన ఆడపిల్లలను వదిలేయడం ఇప్పటికీ చూస్తున్నాను. అది అన్యాయం, చట్టప్రకారం ప్రమాదం కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చారు. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో స్పష్టం చేసింది. ఇల్లు స్వార్జితమా, పిత్రార్జితమా, వీలునామా ఉందా అన్నదాన్ని బట్టి వాటాలు మారతాయి. అందుకే లాయర్‌తో ఒక పూట కూర్చోవాలి. అత్తయ్య సంతకం లేకుండా మొదలుపెట్టిన పని, మూడో శ్లాబు పడ్డాక స్టే ఆర్డరుతో ఆగితే ఇల్లూ ఉండదు, ఫ్లాటూ ఉండదు.

కాగితాల వేట కూడా ఇప్పుడే. లింకు డాక్యుమెంట్లన్నీ, కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే పత్రం), ఆస్తిపన్ను రసీదులు, పాత పర్మిషన్ ప్లాను ఉంటే అది తీసిపెట్టుకోండి. మీ సర్వే నంబరు నిషేధిత ఆస్తుల జాబితాలో, అదే 22ఏ జాబితాలో ఉందేమో చూడండి. దగ్గర్లో చెరువో నాలానో ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే గీత), దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ హద్దులు చూడండి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చినప్పటినుంచి ఈ హద్దులు మాటవరసకు కాదని అందరికీ అర్థమైంది.

3. టేపు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లండి

బిల్డర్ లెక్కంతా ఇక్కడే ఉంది, ఇంటివాళ్లు ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

2006 నాటి జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి పోయింది. ఇంత స్థలంలో ఇన్ని రెట్లే కట్టాలన్న లెక్క తీసేసి ప్లాటు సైజు, రోడ్డు వెడల్పు, ఎత్తు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్‌లు చూడటం మొదలైంది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 బిల్డింగ్ రూల్స్‌దీ అదే దారి. పాత ఇళ్ల స్థలాలకు ఇంత గిరాకీ రావడానికి ఇదో ముఖ్య కారణం. ఒక అంతస్తు ఇల్లున్న చోట నాలుగు అంతస్తులు లేస్తాయంటే కింద ఉన్న ఇంటి విలువ బిల్డర్ లెక్కలో సున్నా అవుతుంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. ముఖం 45 అడుగులు, లోతు 80 అడుగులు ఉన్న ప్లాటు 3,600 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 400 గజాలు. ముందున్న రోడ్డు 20 అడుగులే ఉంది, నిబంధన ప్రకారం 30 అడుగులు ఉండాలి అనుకోండి. రోడ్డు మధ్య గీత నుంచి మీ వైపు 15 అడుగులు కొలుస్తారు. ఇప్పుడున్నది 10 కాబట్టి మీ స్థలంలో 5 అడుగుల లోతు రోడ్డుకు పోతుంది. 5 అడుగులను 45తో గుణిస్తే 225 చదరపు అడుగులు, అంటే 25 గజాలు. మీ ప్లాటు ఇక 375 గజాలే. సెట్‌బ్యాక్‌లు ఆ కొత్త హద్దు నుంచి మొదలవుతాయి. స్టిల్ట్ (పార్కింగ్ కోసం పిల్లర్ల మధ్య వదిలే కింది భాగం) మీద నాలుగు అంతస్తులు, అంతస్తుకు రెండు ఫ్లాట్ల చొప్పున 8 ఫ్లాట్లు వచ్చి సగం సగం పంచుకున్నారనుకుందాం. మీ వాటా 4 ఫ్లాట్లు, వాటి కింద మొత్తం 187.5 గజాల అవిభక్త వాటా (విడదీయకుండా ఉమ్మడిగా ఉండే నేల వాటా). ఫ్లాటుకు 47 గజాలు కూడా నిండదు.

నిన్నటిదాకా 400 గజాల ఇల్లున్నవాళ్లు ఒప్పందం అయ్యాక 187.5 గజాల వాటాదారులు. నాలుగు ఫ్లాట్ల అద్దెలు వస్తాయి, నిజమే. కానీ భవనం ఏటా పాతబడుతుంది, విలువ నిలబెట్టేది నేలే. ఈ లెక్కను ఇంట్లో పెద్దవాళ్ల ముందు నోటితో కాకుండా కాగితం మీద వేసి చూపించండి. రోడ్డుకు వదిలిన స్థలానికి టీడీఆర్ (వదిలిన స్థలానికి బదులుగా ఇచ్చే, అమ్ముకోగల నిర్మాణ హక్కు) లాంటి వెసులుబాటు వస్తుందా, వస్తే అది ఎవరిదన్నది కూడా ఇప్పుడే అడగండి. చాలా ఒప్పందాల్లో ఆ మాటే ఉండదు, తీరా వచ్చాక బిల్డర్ తనదంటాడు.

ఇంకో చిన్న మాట. ప్లాటులో పాత వేపచెట్టో మామిడిచెట్టో ఉంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం నరకడానికి అనుమతి కావాలి. సెట్‌బ్యాక్‌లో పడే చెట్టును కాపాడవచ్చు. ప్లాను గీసేముందే చెట్టు ఎక్కడుందో ఆర్కిటెక్టుకు గుర్తు పెట్టి ఇవ్వండి. పాత చేదబావి ఉంటే పూడ్చేయకుండా ఇంకుడు గుంతగా వాడుకునే వీలుందేమో కూడా అడగండి.

4. మొత్తం కూల్చడం తప్ప దారి లేదా?

నేను మళ్లీ ఆ రోజుకి వెళ్లగలిగితే ఎక్కువ సమయం పెట్టేది ఈ ప్రశ్న మీదే. స్థలం లోతుగా ఉంటే ముందున్న పాత ఇల్లు ఉంచి వెనక ఖాళీ స్థలంలో చిన్న కట్టడం కట్టుకోవచ్చేమో ఆర్కిటెక్టును అడగండి. సెట్‌బ్యాక్‌లు కుదరాలి, అన్ని ప్లాట్లలో కుదరదు. సున్నపు గోడల మీద కొత్త అంతస్తు ఎక్కించాలని మాత్రం చూడకండి. ఆ గోడలు ఆ బరువుకి కట్టినవి కావు. ఇంటిని కెఫేకో, క్లినిక్‌కో, చిన్న ఆఫీసుకో అద్దెకిచ్చి రిపేరు ఖర్చు రాబట్టుకున్నవాళ్లున్నారు. మీ జోన్‌లో, మీ రోడ్డులో ఆ వాడకానికి అనుమతి ఉందో లేదో ముందు చూసుకోవాలి.

"ప్రభుత్వం వారసత్వ భవనంగా ప్రకటిస్తే బాగుండు" అని కొందరంటారు. దాని సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. హైదరాబాద్‌లో 1995లో హుడా (అప్పటి నగరాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లోకి వారసత్వ భవనాల రక్షణ కోసం 13వ రెగ్యులేషన్ వచ్చి, ఆ తర్వాత కొన్ని భవనాల జాబితా తయారైంది. 2015లో ఆ రెగ్యులేషన్‌ను తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ భవనం కూల్చి అసెంబ్లీ కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది కాబట్టి పోరాడితే ఫలితం రాదని కాదు. కానీ ఇవన్నీ ప్యాలెస్‌లకు, దేవిడీలకు (నవాబుల కాలపు పెద్ద ఇళ్లకు), పెద్ద భవనాలకు సంబంధించినవి. బర్కత్‌పురాలోనో మారేడ్‌పల్లిలోనో ఉన్న మామూలు కుటుంబాల ఇళ్లు దాదాపుగా ఏ జాబితాలోనూ ఉండవు. ఊరికి రూపం ఇచ్చినవి ఈ మామూలు ఇళ్లే అయినా, వీటిని కాపాడే కాగితం లేదు. ఉంచాలా తీసేయాలా అన్నది పూర్తిగా ఆ ఇంటివాళ్ల చేతుల్లోనే ఉంది.

5. బిల్డర్‌ని వెతకడం

రేషియో (ఫ్లాట్లలో మీకొచ్చే వాటా శాతం) ఎక్కువ ఇస్తానన్నవాడి వెంట వెళ్లకండి. 50 ఇచ్చి సమయానికి పూర్తిచేసేవాడు, 60 ఇస్తానని సగంలో ఆపేవాడికన్నా వందరెట్లు నయం. ఇంతకుముందు కట్టిన మూడు బిల్డింగులు అడగండి. వెళ్లి టైల్స్ చూడటం కాదు, అక్కడి స్థలం యజమానులను కలవండి. ఫ్లాటు కొన్నవాళ్ల అనుభవం వేరు, స్థలం ఇచ్చినవాళ్ల అనుభవం వేరు. వాళ్లను మూడే ప్రశ్నలు అడగండి: మీకు అద్దె (కట్టేన్నాళ్లూ బిల్డర్ ఇవ్వాల్సిన ఇంటి అద్దె) ఎన్నాళ్లు సక్రమంగా వచ్చింది? ఓసీ (భవనంలో ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) కాపీ చూపిస్తారా? ఒప్పందంలో లేనిది ఏం అడిగాడు? మేం ఈ పని చేసి ఉంటే, మా బిల్డర్ అంతకుముందు ఇంట్లో అద్దె ఎనిమిదో నెలలోనే ఆపేశాడని మాకు ముందే తెలిసేది.

6. ఒప్పందం: ఇక్కడ తొందరపడకండి

మన దగ్గర దీన్ని డీఏజీపీఏ అంటారు, అంటే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, జీపీఏ (మీ తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం) కలిపి రాసే దస్తావేజు. తప్పనిసరిగా రిజిస్టర్ కావాలి. స్టాంపు పేపరు మీద రాసుకుని నోటరీ చేయించుకునే ఒప్పందానికి ఒప్పుకోవద్దు. బిల్డర్ లాయర్ రాసిన డ్రాఫ్టును మీ లాయర్ చదవాలి. ఇద్దరికీ ఒకే లాయర్ అయితే మీకు లాయర్ లేనట్టే.

ఇక్కడొక విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి. 2016 నాటి రెరా చట్టం (ఫ్లాట్లు కొనేవాళ్ల రక్షణకు వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటని, ఫ్లాట్లు 8 దాటని ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే సుమారు 598 గజాలు. పైన లెక్కలో చూసిన 400 గజాల, 8 ఫ్లాట్ల భవనం ఆ గీతకు ఇవతలే ఉండిపోతుంది. వసూలైన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలనే నియమం, నిర్మాణ లోపాలకు 5 ఏళ్ల బాధ్యత లాంటి రక్షణలు మీకు వాటంతటవే వస్తాయని నమ్మకండి. మీకు కావలసిన ప్రతి రక్షణా ఒప్పందంలో అక్షరాలా రాయించుకోవాల్సిందే. నా దృష్టిలో తప్పక ఉండాల్సినవి ఇవి.

గడువు: "ఒప్పందం రిజిస్టరైన తేదీ నుంచి ఇన్ని నెలలు" అని ఉండాలి. పర్మిషన్‌కి ఇంత గడువు, నిర్మాణానికి ఇంత గడువు అని విడదీసి రాయించుకోవచ్చు, కానీ రెండూ తేదీలతో ఉండాలి. తెలంగాణలో బిల్డింగ్ పర్మిషన్ల కోసం తెచ్చిన టీజీ బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల లోపు ఎత్తుకు స్వీయ ధృవీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించితే సింగిల్ విండోలో 21 రోజుల గడువు ఉంటుంది. కాగితాలు సరిగ్గా ఉన్న స్థలానికి పర్మిషన్ కోసం ఏడాది పట్టదు.

కూల్చివేత: మంజూరైన ప్లాను కాపీ మీ చేతికి వచ్చాకే ఇంటి తాళాలు ఇస్తామని రాయించండి. అడ్వాన్సు మొత్తం, మొదటి అద్దె అంది ఉండాలి. మా ఒప్పందంలో లేని ఈ ఒక్క వాక్యం వల్లే 11 నెలలు పోయాయి. కాగితం రాకుండా ఒక్క బండ కూడా కదపనివ్వకండి.

ఒరిజినల్ దస్తావేజులు: బిల్డర్‌కి ఇవ్వకండి. సర్టిఫైడ్ కాపీలు చాలు. బ్యాంకు, మున్సిపాలిటీ ఒరిజినల్ చూడాలంటే మీరే తీసుకెళ్లి చూపించి తెచ్చుకోండి. మీ స్థలాన్ని తాకట్టు పెట్టి అప్పు తెచ్చే అధికారం జీపీఏలో ఉండకూడదు.

జీపీఏ: బిల్డర్ వాటాలోని ఫ్లాట్ల అమ్మకానికే పరిమితం కావాలి. అదీ ఒకేసారి కాదు. ఇన్ని శ్లాబులు పూర్తయ్యాక ఇన్ని ఫ్లాట్లు అమ్ముకోవచ్చు, చివరి ఫ్లాటు మీ హ్యాండోవర్ తర్వాతే అని దశలుగా రాయించండి. బిల్డర్‌కి ఆసక్తి మిగిలి ఉండాలంటే ఆయనకు రావలసినదేదో మిగిలి ఉండాలి.

తనఖా ఫ్లాటు: నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి, ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. చాలామంది బిల్డర్లు స్థలం యజమాని ఫ్లాటునే ఆ తనఖాలో చూపిస్తారు. తన ఫ్లాట్లు స్వేచ్ఛగా అమ్ముకోవచ్చు కదా మరి! తనఖా బిల్డర్ వాటాలోనే ఉండాలని రాయించండి. ఓసీ కోసం పరుగెత్తేది అప్పుడే.

అద్దె, జరిమానా: నెలకి ఇంత అని, ఏడాదికి ఇంత పెరుగుతుందని, హ్యాండోవర్ వరకు ఆగదని రాయండి. గడువు దాటితే ఫ్లాటుకు నెలకు ఇంత జరిమానా అని విడిగా రాయండి. అద్దె, జరిమానా ఒకటి కాదు.

అదనపు అంతస్తు: "పైన పెంట్‌హౌస్ వేసుకుందాం సార్, ఇద్దరికీ లాభం" అంటారు. ప్లానులో లేని శ్లాబుకు ఒప్పుకోకండి. తర్వాత క్రమబద్ధీకరించుకోవచ్చన్న ధీమా వద్దు, 2015 నాటి బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్ (బీఆర్‌ఎస్) కోర్టు కేసులో చిక్కుకుంది. అక్రమ శ్లాబుకు నోటీసు వచ్చేది స్థలం యజమాని పేరుకే, ఓసీ ఆగిపోయేది మీ ఫ్లాట్లకు కూడా.

ఇవిగాక స్పెసిఫికేషన్స్‌లో "స్టాండర్డ్ కంపెనీ" అన్న మాట ఎక్కడ కనిపించినా కొట్టేసి పేరు, గ్రేడు రాయించండి. జీఎస్టీ ఎవరు కడతారో, పార్కింగ్ ఏ పిల్లర్ల మధ్యో, టెర్రస్ హక్కు ఎవరిదో, పనిలో ఎవరికైనా ప్రమాదం జరిగితే ఎవరి బాధ్యతో కూడా రాయాలి. నిర్మాణ లోపాలు 5 ఏళ్లపాటు ఉచితంగా సరిచేయాలని రాయాలి. పర్మిషన్ వచ్చాక ఏ ఫ్లాటు ఎవరిదో ప్లాను మీద రంగులు వేసి సప్లిమెంటరీ అగ్రిమెంట్ రాసుకోండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య పంపకం కూడా అప్పుడే కాగితం మీద పెట్టేయండి.

7. పన్ను గురించి సీఏతో ఒక గంట

స్థలం ఇచ్చి ఫ్లాట్లు తీసుకోవడం పన్ను చట్టం దృష్టిలో ఆస్తి బదిలీ. 2017లో వచ్చిన మార్పు వల్ల, ఒప్పందం రిజిస్టరై ఉంటే వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు మూలధన లాభాల పన్ను కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదే పడుతుంది. కానీ అది రాకముందే మీ వాటా ఫ్లాటు అమ్మేస్తే, ఈ వెసులుబాటు పోవచ్చు. బిల్డర్ నగదుగా ఇచ్చే గుడ్‌విల్ (తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు) మీద 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) ఉంటుంది, తిరిగి కట్టాల్సిన డిపాజిట్ సంగతి వేరు. ఏది ఏదో ఒప్పందంలో స్పష్టంగా రాయండి. ఇంకొకటి: కట్టేవాళ్లు, అమ్మేవాళ్లు వేరైతే ఇద్దరినీ ప్రమోటర్లుగానే రెరా చూస్తుంది. రెరా వర్తించే పెద్ద ప్రాజెక్టులో నిర్మాణం మధ్యలో మీ ఫ్లాటు అమ్మితే, కొన్నవాళ్లకు మీరూ జవాబుదారీ అవుతారు.

8. ఇల్లు విప్పే రోజుకి ముందు

ఇల్లు ఖాళీ చేసే హడావిడిలో ఇల్లే మిగిలిపోతుంది. ముందు ఇంటిని కొలిచి గీయించండి. ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఇలాంటి కొలతల పని ఇష్టంగా చేస్తారు. మాసబ్‌ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో అడిగి చూడండి. ప్రతి గదిని పొద్దున, మధ్యాహ్నం వెలుగులో ఫోటోలు తీయండి. పెద్దవాళ్లను ఇంట్లో తిప్పుతూ ఏ గది ఎందుకు కట్టారో చెప్పించి ఫోన్‌లో రికార్డు చేయండి. మా పెద్దనాన్న వంటింటి అటక చూపించి ఏదో చెబుతుంటే "తర్వాత పెద్దనాన్నా" అన్నాను. ఆ తర్వాత అటక లేదు.

తర్వాత సామాను. ఒప్పందంలో ప్రత్యేకంగా రాయకపోతే కూల్చగా వచ్చిన కలప, బండలు, ఇనుము అన్నీ బిల్డర్‌కో, ఇల్లు విప్పే కాంట్రాక్టర్‌కో పోతాయి. టేకు దూలాలు ఎన్ని, ఎన్ని అడుగులవి, తలుపులు, కిటికీలు, ద్వారబంధాలు, షాబాద్ బండలు ఎన్ని, అన్నీ లిస్టు రాసి, ఇందులో ఫలానావి మావి అని సంతకాలు తీసుకోండి. మేం అంతా కలిపి ఒక్క మాటకు ఇచ్చేశాం. మూడు నెలల తర్వాత పాత కలప అమ్మే చోట మా ద్వారబంధం కనిపించింది. గడప గాడిలో పసుపు ఇంకా గట్టిపడి ఉంది. నానమ్మ ప్రతి శుక్రవారం పూసిన పసుపు అది. అడిగితే చెప్పిన ధర, మాకు మొత్తం ఇంటి సామానుకు ఇచ్చినదానిలో సగం. కొనుక్కుని తెచ్చుకున్నాం.

విప్పే పని జేసీబీతో కాకుండా పైనుంచి చేతితో చేయిస్తే కలప, బండలు దెబ్బతినకుండా వస్తాయి. నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. మిగిలిన శిథిలాలు చెరువు గట్టునో నాలాలోనో పోయకూడదు. నగరంలో జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో వీటిని పొడిచేసి తిరిగి వాడుకలోకి తెచ్చే ప్లాంట్లున్నాయి. అక్కడికే పంపాలని కాంట్రాక్టర్‌తో రాయించండి. పునాది తవ్వకానికి ముందు పక్కింటి గోడలను, వాళ్ల సమక్షంలోనే ఫోటోలు తీయించండి. తర్వాత పగుళ్ల గొడవ రాకుండా ఉంటుంది.

9. కట్టేటప్పుడు, తీసుకునేటప్పుడు

వారానికోసారైనా సైట్‌కి వెళ్లండి. ప్రతి శ్లాబుకు ముందు మీ తరఫు ఇంజినీర్ కడ్డీలు చూసి సంతకం పెట్టాలన్న ఏర్పాటు చాలా పనికొస్తుంది. శ్లాబు పడ్డాక లోపల ఏముందో ఎవరూ చూడలేరు. సెట్‌బ్యాక్‌లు పునాది దశలోనే టేపుతో కొలవండి. అక్కడ అడుగు తేడా వస్తే ఓసీ దగ్గర బయటపడుతుంది, అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

హ్యాండోవర్ అంటే తాళంచెవి, స్వీటు బాక్సు కాదు. ఓసీ కాపీ, తనఖా విడుదల కాగితం, కరెంటు మీటర్లు, మంచినీటి కనెక్షన్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ డ్రాయింగులు చేతికి రావాలి. బాత్రూముల్లో నీళ్లు నింపి రెండు రోజులు ఉంచి కింద ఫ్లాటు కప్పు చూడండి. తేడాలన్నీ రాసి బిల్డర్ సంతకం తీసుకున్నాకే స్వాధీన పత్రం మీద సంతకం పెట్టండి. అద్దిల్లు అప్పటిదాకా ఖాళీ చేయొద్దు.

పాత ద్వారబంధం కొత్త ఫ్లాటుకి పెట్టుకోవాలనుకుంటే మాత్రం హ్యాండోవర్ దాకా ఆగకండి. పాతకాలపు తలుపులు పొట్టిగా ఉంటాయి, మాది ఆరు అడుగులు కూడా లేదు. కొత్త ఫ్లాట్లలో తలుపుకు ఏడడుగుల ఖాళీ వదులుతారు. గోడలు లేపకముందే ఆ కొలత ఇచ్చి, పైన మిగిలే అడుగులో వెంటిలేటర్ పెట్టమని చెప్పాలి. గడప మందం కూడా కొలిచి ఇవ్వండి, టైల్స్ వేసేటప్పుడు అక్కడ నేల అంత కిందికి ఉంచాలి. మా వడ్రంగి గాడిలోని పసుపు గీకేయబోతుంటే ఆపాను. అలాగే వార్నిష్ వేశాడు.